పాత ఊరి జ్ఞాపకములు

మన విశాఖ ఓడరేవునకు, ఉక్కునకు పేరొందిన నగరము. అయితే తెలుగు సువార్తలు ఇచ్చట రూపుదాల్చిన సంగతి మనలో ఎందరెరుగుదుము? 1805లో లండన్ మిషనువారగు జార్జి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇచ్చటికి వచ్చి తెలుగు నేర్చిరి. ఆనందరాయరు తోడ్పాటుతో అనువాదము సాగినది. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చయినవి. వాటిని వారు కన్నులార చూడలేదు.

నేడు ఇన్‌టాక్ విశాఖ శాఖవారు పాత ఊరి వీధులలో ప్రజలను నడిపించుచు, పాత కట్టడముల చరిత్రను తెలుపుచున్నారు. ఆ శ్రద్ధ మనకు వలదా? ఈ శతవత్సరోత్సవమున మా మనవి ఒక్కటే: ప్రతి సంఘమును ఏటేటా ఒక దినము కేటాయించి, బాప్తిస్మ రిజిస్టర్లను చెదపట్టక ముందే భద్రపరచుదము, సమాధి రాళ్లపై అక్షరములు చెరగక ముందే వ్రాసికొందము, వృద్ధుల జ్ఞాపకములను మన పిల్లలచే వ్రాయింతము.