నగల దొంగ – అనుమానం

ఇటీవల తెల్లాపూరులో ఒక మిత్రుని ఇంట పదిమందిమి కూర్చుని హిచ్‌కాక్ 1955లో తీసిన ‘టు క్యాచ్ ఎ థీఫ్’ చూశాం. ఫ్రాన్సు దక్షిణ సముద్రతీరం, విలాసవంతమైన హోటళ్ళు, ఇళ్ళ కప్పుల మీద పిల్లిలా నడిచే నగల దొంగ, పూర్వం దొంగగా పేరుమోసిన కథానాయకుణ్ణి వలచిన కోటీశ్వరురాలి కూతురు – హాయిగా నవ్వుకున్నాం. చిత్రం ముగిసి కిందికి దిగేసరికి గేటు దగ్గర ఒక పనిమనిషి నిలబడి వుంది. కాపలావాడు ఆమె సంచీ విప్పి చూస్తున్నాడు. అందులో ఎవరో ఇచ్చిన పాతచీర, ఒక టిఫిన్ డబ్బా వున్నాయి. ఆ రోజు ఏ ఇంట్లోనూ ఏమీ పోలేదు. ఈ తనిఖీ రోజూ జరిగేదేనట!

ఈ రెండు దృశ్యాలకూ సంబంధం లేదని కొందరనవచ్చు. వున్నదని చెప్పడమే నా ఉద్దేశం. నగల దొంగ కథ పైకి ప్రేమా సాహసమూ కలిసిన వినోదం. కాని దానికి ఆయువుపట్టు అనుమానం. నగ పోయినప్పుడు లోకం వేలు ఎవరి వైపు చూపుతుంది? ఈ ప్రశ్నకు కథకుడు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. అతని దృక్పథం అక్కడే బయటపడుతుంది.

ఈ జాతి కథలు పాశ్చాత్య చలనచిత్రాలతో మనకు వచ్చినవని అనుకోవడం పొరపాటు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు నగల దొంగే, ప్రేమికుడే. వసంతసేన ఇంట దాసిగా వున్న మదనికను విడిపించుకోవడానికి అతనికి డబ్బు కావాలి. అందుకని చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తాడు. కొలతతాడు మరచిపోయి జంధ్యంతో గోడ కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో వుండాలా అని శిల్పిలాగా ఆలోచిస్తాడు. నిద్రమత్తులో వున్న విదూషకుడు నగల మూటను తానే దొంగ చేతిలో పెడతాడు. ఇంతకంటె నవ్వు పుట్టించే దొంగతనాన్ని ఏ హాలీవుడ్ దర్శకుడు తీశాడు?

అయితే శూద్రకుడు నవ్వుతో ఆగలేదు. తెల్లవారి సంగతి తెలియగానే చారుదత్తుణ్ణి పట్టుకున్న దిగులు నగలు పోయినందుకు కాదు. అవి వసంతసేన దాచమని ఇచ్చినవి. దొంగలు పడ్డారంటే ఎవరు నమ్ముతారు? పేదవాడు కనుక అతనే కాజేశాడంటారు. పేదరికమే అతని మీద సాక్ష్యం చెబుతుంది. చివరికి ఆ నష్టం తీర్చడానికి అతని భార్య ధూత తనకు మిగిలిన ముత్యాలహారం తీసి ఇస్తుంది. ఒక దాసి విడుదల కోసం జరిగిన దొంగతనం మరో ఇల్లాలి ఒంటిమీది ఆఖరి నగను తీసుకుపోయింది! నగలు ఎవరివో గుర్తుపట్టిన మదనిక వాటిని వసంతసేనకే ముట్టజెప్పిస్తుంది. వసంతసేన మదనికకు దాస్య విముక్తి కలిగిస్తుంది. ఆ వెంటనే శర్విలకుడు తన స్నేహితుడు ఆర్యకుణ్ణి రాజు బంధించాడని విని, కొత్త పెళ్ళికూతుర్ని పంపివేసి తిరుగుబాటులోకి వెళతాడు. నాటకం ముగిసేసరికి ఆ రాజు వుండడు.

దండి ‘దశకుమార చరితం’లోని అపహారవర్మ కథ కూడా ఈ కోవలోదే. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు కాబట్టి ఈ దొంగ మనకు ఏడు వందల యేళ్ళకు పైగా పరిచయస్థుడు. చంపానగరంలో లోభుల ధనం దోచిన ఆ రాత్రే అతనికి ఒంటినిండా నగలతో ఒక పిల్ల ఎదురవుతుంది. దానధర్మాలు చేసి పేదవాడైన ధనమిత్రునికి ఇస్తానన్న కూతుర్ని తండ్రి ఇప్పుడు ధనవంతునికి కట్టబెట్టబోతున్నాడు. ఆమె భయపడి నగలు తీసుకొమ్మంటుంది. దొంగ ఆమె నగలు తాకడు. ప్రియుని దగ్గరకు చేరుస్తాడు. ఇక్కడ దోపిడిదారు చీకట్లో తిరిగే దొంగా, కూతుర్ని బేరం పెట్టిన తండ్రా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి.

ఇక మన చలనచిత్రాల సంగతి. హిచ్‌కాక్ చిత్రం వచ్చిన 1955లోనే అన్నపూర్ణావారి మొదటి చిత్రం ‘దొంగరాముడు’ కె.వి. రెడ్డి దర్శకత్వాన వచ్చింది. రాముడు నగలకోసం కప్పులెక్కినవాడు కాదు. జబ్బుపడిన తల్లికి మందు కోసం దొంగతనానికి పాల్పడి పట్టుబడిన కుర్రవాడు. అతణ్ణి బాలనేరస్థుల బడికి పంపుతారు, తల్లి చనిపోతుంది, చెల్లెలు అనాథాశ్రమం పాలవుతుంది. ఇందులోనూ హాస్యముంది, సావిత్రితో ప్రేమ వుంది, పాటలున్నాయి. కాని చిన్ననాడు పడిన దొంగ ముద్ర పెద్దయినా వదలదన్న సత్యాన్ని ఆ వినోదం కప్పిపుచ్చలేదు.

హిచ్‌కాక్ నాయకుని మీదా అనుమానమే వుంది. అయితే అతనికి కొండమీద ఇల్లుంది, ద్రాక్షతోట వుంది. అతనికి అనుమానం ఒక సాహసం. ఆఖరున దొరికిన దొంగ ఎవరు? హోటల్లో ద్రాక్షసారా వడ్డించేవాని కూతురు! ఆ పిల్ల కప్పు అంచున వేలాడుతూ నేరం ఒప్పుకుంటే, నాయకుడు కోటీశ్వరురాలి కూతుర్ని చేపడతాడు. చిత్రకల్పన అద్భుతం, సందేహం లేదు. కాని మనం నవ్విన నవ్వు ఎవరి ఖర్చు మీద నవ్వామో గమనించాలి.

2013లో సుధీర్ వర్మ తీసిన ‘స్వామిరారా’ నాటికి తెలుగు దొంగ కూడా తేలికపడ్డాడు. అనంతపద్మనాభస్వామి ఆలయం నుంచి పోయిన వినాయక విగ్రహం చుట్టూ హైదరాబాదులో సాగే పరుగు అది. జేబుదొంగ నాయకుడు, విలేఖరి నాయిక. చురుకైన చిత్రమే. కాని కథంతా ఎవరి నేర్పు గెలుస్తుందన్న పందెం. అనుమానపు బరువు ఎవరి మీదా పడదు.

2018 సెప్టెంబరులో నిజంగానే అటువంటి కథ జరిగింది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు తాడు పట్టుకు దిగి రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు, కొద్దిరోజుల్లోనే పట్టుబడ్డారు. వారిలో ఒకడు ఆ డబ్బాలోనే భోజనం చేశాడని పోలీసులు చెబితే ఊరంతా నవ్వుకుంది. ఆ మ్యూజియంలో వున్నవి ముఖ్యంగా ఏడవ నిజాం రజతోత్సవపు కానుకలు. జాగీర్దార్ల పాలనలో తెలంగాణా రైతు వెట్టిచాకిరీ చేస్తున్న రోజులవి. ఆ బంగారం మొదట ఎవరి చెమట అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

నగల దొంగ కథలు చూడవద్దని నేననను. నవ్వు మనిషికి అవసరం. శూద్రకుడు నవ్వించాడు, కె.వి. రెడ్డి నవ్వించాడు, నవ్విస్తూనే అనుమానం ఎవరి గడప తొక్కుతుందో చూపించారు. ఈనాటి కథకులను కోరేది అంతే. బంగారు టిఫిన్ డబ్బా పోతే కథ అవుతున్నది. స్టీలు టిఫిన్ డబ్బా రోజూ గేటు దగ్గర తెరుచుకుంటున్నది. ఆ కథ రాయవలసినవారు ఇంకా రాయలేదు.