లార్జాక్ కోటగోడలు: యోధ సన్న్యాసుల పేరు, ఊరివారి సొత్తు

మధ్యయుగ ఐరోపాలో సన్న్యాసదీక్షను, ఆయుధవృత్తిని ఒకే జీవితంలో కలిపిన సంఘాలు కొన్ని పుట్టాయి. బ్రహ్మచర్యం, అపరిగ్రహం, పెద్దల పట్ల విధేయత అనే మూడు వ్రతాలు పట్టినవాడే కత్తి కూడా పట్టాడు. వాటిలో ప్రసిద్ధమైనవి రెండు: టెంప్లర్లు, హాస్పిటలర్లు. వీరి పేరు చెప్పగానే జెరూసలేం, రోడ్స్, మాల్టా గుర్తుకు వస్తాయి. మనం ఇక్కడ చూడబోయేది మాత్రం యుద్ధరంగం కాదు. వారి యుద్ధాలకు సొమ్ము పంపిన ఒక మేతభూమి. దక్షిణ ఫ్రాన్సులోని లార్జాక్ పీఠభూమిలో ఈ సంఘాల కాలం నాటి కోటగోడలు, బురుజులు, చర్చీలు ఉన్న అయిదు ఊళ్లను నేడు ఒకే యాత్రగా చూపిస్తున్నారు. ఆ రాళ్లను చూసే ప్రతివారూ వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఇవి ఎవరివి? పలక మీద పేరున్నవారివా, అక్కడ నిలిచి ఉన్నవారివా? తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడ్డ మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

రెండు సంఘాలు, ఒక భూమి

హాస్పిటలర్ల సంఘం జెరూసలేం యాత్రికుల కోసం నడిపిన ఆశ్రయశాల నుంచి పెరిగింది. 1113లో పోపు గుర్తింపు లభించింది. రోగుల సేవతో మొదలైన ఆ సంఘం క్రమంగా ఆయుధం పట్టింది. టెంప్లర్లు 1120 ప్రాంతంలో యాత్రామార్గాల రక్షణకే ఏర్పడ్డారు. సొలొమోను దేవాలయ స్థలంగా భావించిన చోట వారికి నివాసం దొరికింది కనుక ఆ పేరు వచ్చింది.

పాలస్తీనాలో కోటలు కట్టాలన్నా, గుర్రాలను, మనుషులను పోషించాలన్నా డబ్బు కావాలి. ఆ డబ్బు ఐరోపాలోని దాన భూముల నుంచి వచ్చేది. దేవుడి సేవకని రాజులు, జమీందారులు ఇచ్చిన భూములను ఈ సంఘాలు కమాండరీ అనే స్థానిక కార్యస్థానాల ద్వారా నిర్వహించాయి. మన మఠాలకు మాన్యాలు ఉన్నట్లే వీటికీ ఉండేవి. అయితే వీటి ఆదాయంలో ఒక వాటా ఏటా సముద్రం దాటి వెళ్లేది.

లార్జాక్ అలాంటి భూమే. నీరు నిలవని సున్నపురాతి నేల. నాగలికంటె గొర్రెలకే అనువైనది. 1150ల తొలి సంవత్సరాల్లో సెంత్ యులాలీ చర్చి టెంప్లర్ల చేతికి వచ్చింది. ఆ దశాబ్ది చివర బార్సిలోనా ప్రభువు, మిల్లో ప్రాంతంపై హక్కులున్న రామోన్ బెరెంగేర్ ఈ పీఠభూమి మీది తన హక్కులను వారికి ధారపోశాడు. గొర్రెలు, ఉన్ని, గుర్రాలు, ధాన్యం వారి సంపద అయ్యాయి.

1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లను ఒకేరోజు నిర్బంధింపజేశాడు. 1312లో పోపు ఆ సంఘాన్ని రద్దు చేశాడు. 1314లో వారి చివరి అధిపతి జాక్ ద మొలేను పారిస్‌లో సజీవదహనం చేశారు. వారి ఆస్తులు హాస్పిటలర్లకు సంక్రమించాయి. ఆ విధంగా లార్జాక్ టెంప్లర్ల అధీనంలో సుమారు 150 ఏళ్లు, హాస్పిటలర్ల అధీనంలో 1792 దాకా, అంటే 480 ఏళ్లు ఉంది. ఈ లెక్క గుర్తుంచుకొని ఊళ్లు చూడాలి.

ఊళ్ల వెంట

యాత్ర సెంత్ యులాలీతో మొదలుపెట్టడం మంచిది. లార్జాక్ కమాండరీకి కేంద్రం ఇదే. సన్న్యాసుల నివాసం, చర్చి, చుట్టూ ప్రాకారం ఒకే సముదాయంగా కనిపిస్తాయి. చర్చి ద్వారం మాత్రం వింతగా తూర్పున, బలిపీఠం ఉండవలసిన దిక్కున ఉంటుంది. 1641లో ఊరి మధ్య ఖాళీస్థలాన్ని తీర్చిదిద్దినప్పుడు చర్చి ముఖాన్ని అటు తిప్పారు. ఒకే కట్టడంలో రెండు కాలాలను చదవటానికి ఇది తొలి పాఠం.

లా కువర్‌త్వారాద్ వీటిలో అందరూ చూసే ఊరు. బండరాతి మీద 12వ శతాబ్ది చివర టెంప్లర్లు మొదలుపెట్టిన కోట ఉంది. చర్చి పక్కన చక్రాకారపు తలలున్న సమాధి రాళ్లు ఉన్నాయి. ఊరి వెలుపల రాళ్లు పరిచిన గుండ్రని కుంట ఉంది. వాననీరు ఇంకిపోకుండా పట్టి గొర్రెలకు తాగించే ఇటువంటి కుంటను అక్కడివారు లవోన్య్ అంటారు. కొన్ని ఇళ్ల తలుపులకు ఎండిన పెద్ద ముళ్లపువ్వు కొట్టి ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే అది ముడుచుకుంటుంది. కాపరులకు అదే వాతావరణ సూచన.

యాత్రికులు ఎక్కువగా ఫోటోలు తీసుకునేది ఈ ఊరి కోటగోడనే. టెంప్లర్ల కోట అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. నిజానికి ఆ గోడ కట్టటానికి ఒప్పందం కుదిరింది 1439లో, టెంప్లర్లు అంతరించిన 127 ఏళ్ల తరువాత. కట్టినవాడు దెయొదా దాలోస్ అనే రాతిపని మేస్త్రీ. ఇంగ్లండుతో సాగిన శతవర్ష యుద్ధంలో జీతాలు అందని సైనిక ముఠాలు ఊళ్ల మీద పడి దోచుకునేవి. ఊరివారు రక్షణ కోరారు. అప్పటి ప్రభువులైన హాస్పిటలర్లు గోడ కట్టుకోవటానికి అనుమతి ఇచ్చారు. భారంలో పెద్దపాలు గ్రామస్థులదే. మతం కోసం యుద్ధం చేసిన వీరులు తమ ప్రజల కోసం కట్టించిన గోడగా మనకు కనిపించేది, ప్రజలు తమ కోసం తాము మోసుకున్న గోడ.

వియాలా గ్రామంలోని ఎత్తయిన బురుజు కూడా ఇదే సంగతి చెబుతుంది. సుమారు 1430లో హాస్పిటలర్ల కాలంలో లేచిన ఈ బురుజు మామూలు రోజుల్లో ధాన్యపు కొట్టు, ఆపద వేళ ఊరికి తలదాచుకునే చోటు. సేన్ జాన్ దాల్కాస్ అసలు ఈ సంఘాలదే కాదు. అది నొనాంక్ మఠానికి చెందిన సన్న్యాసినుల గ్రామం. ఆ గోడ కట్టింది కూడా దాలోస్ మేస్త్రీయే. యాత్రాపటంలో అన్నీ ఒకే గుర్తు కింద ఉన్నా, చరిత్ర ఒకే గుర్తు కింద ఒదగదు. ఇక అయిదవ ఊరు లా కవలరీ. అశ్వయోధుల పేరే ఊరి పేరయింది. దాని కథకు కొంచెం తరువాత వద్దాం.

దస్తావేజుల భాష

మనవంటి భాషా విద్యార్థులకు రాళ్లకంటె విలువైన వారసత్వం మరొకటి ఉంది. ఈ ప్రాంతపు ప్రజల భాష ఫ్రెంచి కాదు, ఆక్సితన్. 12వ శతాబ్దంలో చర్చి భాష లాటిన్ కాగా, భూమి ఇచ్చే రైతుకు, పుచ్చుకునే సంఘానికి మధ్య జరిగిన లావాదేవీలు చాలావరకు స్థానిక భాషలోనే రాసుకున్నారు. ఆక్సితన్‌లో మనకు దక్కిన తొలినాటి వచన పత్రాల్లో ఈ రెండు సంఘాల భూదస్తావేజులకు ముఖ్యస్థానం ఉంది. పొలం హద్దులు, కౌలు, సాక్షుల పేర్లు నింపుకున్న ఆ చర్మపత్రాలను కవిత్వం కోసం ఎవరూ చదవరు. కాని ఆ భాష ఆనాడు మేతభూముల్లో ఎలా పలికిందో చెప్పేవి అవే.

తెలుగు విద్యార్థికి ఇది పరిచయమైన దారే. రేనాటి చోళుల ఎర్రగుడిపాడు శాసనం కూడా ఒక భూదానాన్నే నమోదు చేసింది. మన వచనం కూడా కావ్యం కంటె ముందు పొలంగట్టు మీద కనిపించింది. తేడా తరువాతి గతిలో ఉంది. 1539లో రాజాజ్ఞ వల్ల ఫ్రాన్సులో న్యాయ, పాలనా వ్యవహారాలకు ఫ్రెంచి భాష స్థిరపడింది. తరువాత బడులు కూడా ఫ్రెంచివే అయ్యాయి. రాజ్యం, బడి రెండూ విడిచిన ఆక్సితన్ ఇళ్లలోకి, అక్కడినుంచి ముసలివారి నోళ్లలోకి కుంచించుకుపోయింది.

బంగాళాఖాతం దాకా

కమాండరీ ఆదాయంలో వాటా ముందు రోడ్స్ ద్వీపానికి, 1530 తరువాత మాల్టాకు వెళ్లింది. మాల్టాలో ఆ సంఘపు యువకులు ఓడల మీద సముద్రయుద్ధం నేర్చుకునేవారు. అలా తయారైన వారిలో సుఫ్రెన్ ఒకడు. యానాం, తమిళనాడు విద్యార్థులు ఈ పేరు విని ఉండవచ్చు. పుదుచ్చేరిలో ఆయన పేరిట వీధి ఉంది. 1778-79లో యానాంతో సహా ఫ్రెంచి స్థావరాలు ఆంగ్లేయుల వశమయ్యాక, 1782-83లో సద్రాస్, నాగపట్నం, కడలూరు తీరాల్లోనూ సింహళ తీరంలోనూ ఆంగ్ల నౌకాధిపతి హ్యూస్‌తో అయిదు యుద్ధాలు చేసినవాడు ఈయనే. హైదర్ అలీని కలుసుకున్నవాడూ ఈయనే. ఆ సంఘంలో బైయి అనే ఉన్నత హోదా పొందినందున చరిత్రలో బైయి ద సుఫ్రెన్‌గా నిలిచాడు. మధ్యయుగ యోధ సన్న్యాసుల పరంపర చివరి దశలో మన తీరాన్ని ఇలా తాకింది. ఆయన మరణించిన పదేళ్లకు, 1798లో నెపోలియన్ మాల్టాను పట్టుకోవడంతో ఆ సంఘపు రాజ్యం ముగిసింది.

కత్తి లేని రక్షణ

ఇప్పుడు లా కవలరీకి రావాలి. 20వ శతాబ్ది ఆరంభంలో ఈ ఊరి పక్కనే ఫ్రెంచి సైన్యం శిక్షణ శిబిరం పెట్టింది. 1971 అక్టోబరులో రక్షణమంత్రి మిషెల్ దబ్రే ఆ శిబిరాన్ని సుమారు 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు విస్తరిస్తామని ప్రకటించాడు. 1972 మార్చిలో 103 మంది రైతులు తమ భూమి అమ్మబోమని ప్రమాణం చేశారు. అదే నెలలో లాంజా దెల్ వాస్తో లా కవలరీలో 15 రోజులు నిరాహారదీక్ష చేశాడు. ఇటలీలో పుట్టిన ఈయన 1937లో వార్ధాలో గాంధీజీ దగ్గర ఉండి, ఆయన చేత శాంతిదాస్ అనే పేరు పొందినవాడు. లార్జాక్ అంచునే ఆయన ఆశ్రమం ఉండేది. మహారాష్ట్రలోని మన విద్యార్థులకు ఇంత దగ్గరి వార్ధా మాట అంత దూరపు గొర్రెల కాపరులకు ఆయుధమయింది. ఆ ఏడాది అక్టోబరులో రైతులు తమ గొర్రెలను పారిస్‌లో ఈఫిల్ గోపురం కింద మేపారు. పదేళ్ల అహింసా పోరాటం తరువాత 1981లో అధ్యక్షుడైన మిత్తరాఁ ఆ విస్తరణను రద్దు చేశాడు. పాత శిబిరం అలాగే ఉంది. విస్తరణ కోసం ప్రభుత్వం కొన్న భూములను 1985లో దీర్ఘకాలపు కౌలుకు రైతులకే అప్పగించారు.

ఆ పోరాట నినాదం 'గార్దారెమ్ లు లార్జాక్'. లార్జాక్‌ను నిలుపుకుంటాం అని అర్థం. అది ఫ్రెంచి కాదు, ఆక్సితన్. ఎనిమిది వందల ఏళ్ల కింద ఈ భూమిని దానం చేసిన దస్తావేజుల భాషలోనే దాన్ని వదలబోమన్న మాట కూడా వెలువడింది. 2011లో యునెస్కో కోస్, సెవెన్ ప్రాంతాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, అది కోటలను చూసి ఇచ్చిన గుర్తింపు కాదు. మనిషీ మందా కలిసి తీర్చిన మేతభూములకు ఇచ్చింది. గొర్రెలు లేకపోతే ఆ కుంటలకు, గాదెలకు, గోడలకు అర్థం లేదు.

మేము చెప్పదలచినది ఇంతే. ప్రభువులు మారతారు, పేర్లు పలకల మీద మిగులుతాయి. కట్టడాన్ని బతికించేది దాని చుట్టూ బతికేవారు, వారు దాచుకున్న కాగితం, వారు విడవని మాట. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో, యానాంలోనో మన పెద్దలు కట్టిన గుడి, సత్రం, బావి ఏదో ఒకటి ఉంటుంది. ఈసారి దాని ముందు నిలబడినప్పుడు ఏ రాజు కట్టించాడు అనే ప్రశ్నతో ఆగవద్దు. ఖర్చు ఎవరు భరించారు, రాయి ఎవరు చెక్కారు, ఏ భాషలో రాసుకున్నారు అని అడగండి. శాసనం ఉంటే నకలు తీసుకోండి. దస్తావేజు ఉంటే ఫోటో తీయండి. చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించి, చదివినది రాసి పెట్టండి.