సైటోమెగలో వైరస్ రెటినైటిస్: కంటికి మందు, ఒంటికి మందు

రోగనిరోధక శక్తి బాగా సన్నగిల్లినవారిలో కంటి లోపలి రెటీనా పొరను తినేసే వైరల్ ఇన్‌ఫెక్షన్ ఇది. కారణమైన సైటోమెగలో వైరస్ చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా అణిగి ఉంటుంది. ఎయిడ్స్ రోగుల్లో సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తానికి 50 కన్నా తగ్గినప్పుడు సాధారణంగా విజృంభిస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు. కళ్ల ముందు నల్లటి నలుసులు తేలడం, చూపులో కొంత భాగం మసకబారడం వంటివి కొందరికే తెలుస్తాయి. అందుకే చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా అంచుల వరకూ చూడాలి.

చికిత్సకు రెండు దారులున్నాయి. గాన్‌సైక్లోవిర్ లేదా ఫాస్కార్నెట్‌ను సూదితో నేరుగా కంటి లోపలి జెల్లీలోకి ఎక్కించడం ఒకటి. అదే మందును రక్తనాళం ద్వారానో, వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రల రూపంలోనో ఒళ్లంతటికీ ఇవ్వడం రెండోది. కంట్లో ఇచ్చే మోతాదు మిల్లీగ్రాముల్లోనే ఉన్నా రెటీనా దగ్గర మందు సాంద్రత ఎక్కువగా ఉంటుంది. రక్తకణాలు తగ్గడం (గాన్‌సైక్లోవిర్‌తో), కిడ్నీలు దెబ్బతినడం (ఫాస్కార్నెట్‌తో) వంటి ఇబ్బందులూ తప్పుతాయి. కాకపోతే పదేపదే పొడవాలి. కంట్లో చీము పట్టడం, రెటీనా ఊడిరావడం వంటి ప్రమాదాలు అరుదుగానైనా ఉన్నాయి.

ఈ పొడవడం తప్పించేందుకే 1996లో అమెరికాలో గాన్‌సైక్లోవిర్ ఇంప్లాంట్‌కు అనుమతి లభించింది. కంట్లో అమర్చితే నెలల తరబడి మందు నెమ్మదిగా వదిలేది. 1997లో వెలువడిన ఒక ప్రయోగంలో జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం ఇంప్లాంట్‌తో 221 రోజులు, రక్తనాళం ద్వారా ఇచ్చిన మందుతో 71 రోజులు. ఇంతవరకు చూస్తే కంటి మందుదే పైచేయి. కానీ ఇంప్లాంట్ ఒక్కటే పెట్టినవారిలో రెండో కంటికీ, ఇతర అవయవాలకూ వైరస్ పాకే ముప్పు ఎక్కువైంది. వైరస్ రక్తంలో తిరుగుతుంటే ఒక్క కంటికే కాపలా కాస్తే చాలదు మరి! 2013లో ప్రచురితమైన అమెరికా పరిశీలనలో ఒంటికి మందు అందినవారిలో మరణాలు దాదాపు సగం తగ్గాయి. రెండో కన్ను దెబ్బతినడం 80 శాతం తగ్గింది. అది ప్రయోగం కాదు, పరిశీలన మాత్రమే. అయినా పట్టించుకోదగ్గ తేడా. ఇంప్లాంట్ తయారీ ఆ తర్వాత ఆగిపోయింది.

ఇప్పటి వాడుకలో వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలను 900 మిల్లీగ్రాముల చొప్పున మొదటి 2–3 వారాలు రోజుకు రెండుసార్లు, ఆపైన రోజుకోసారి ఇస్తారు; కిడ్నీ పనితీరును బట్టి మోతాదు తగ్గిస్తారు. రెటీనాపై ఇన్‌ఫెక్షన్ మచ్చ చూపు కేంద్రానికి లేదా కంటి నరానికి దగ్గరగా ఉంటే ఆలస్యం చేయకుండా కంట్లో ఇంజక్షన్ కూడా జోడిస్తారు. మాత్రల ఖరీదు భరించలేని చోట్ల ఇంజక్షన్లతోనే నెట్టుకొచ్చిన సందర్భాలు తక్కువేమీ కావు. అక్కడ కన్ను దక్కినా మిగతా శరీరానికి రక్షణ ఉండదు.

ఈ మందులు వైరస్‌ను అణచగలవే గానీ నిర్మూలించలేవు. ఎయిడ్స్‌లో అసలు బలం హెచ్‌ఐవీని అణిచే మందుల చికిత్స ఏఆర్‌టీది. సీడీ4 కణాలు 3–6 నెలలపాటు 100 పైన నిలిచి, మచ్చలు ఆరిపోతే నిర్వహణ మందు ఆపవచ్చు. విచిత్రమేమిటంటే, కోలుకుంటున్న రోగనిరోధక శక్తే కొందరి కళ్లలో వాపు తెస్తుంది. అందుకని మందు ఆపినా మూడు నెలలకోసారి రెటీనా పరీక్ష కొనసాగించాలి.