పెదనాన్న అడిగిన ప్రశ్న

1997 సెప్టెంబరు 6న ప్రిన్సెస్ డయానా అంత్యక్రియలు టీవీలో వస్తుంటే మా ఇంట్లో ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. తెనాలి పక్క పల్లెటూళ్లో, ఆవిడ ఒక్క మాట కూడా అర్థంకాని మనుషులు! మా పెదనాన్న మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "పంచనామా ఎవరు చేశార్రా?" అని అడిగాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

నవ్వాల్సింది కాదు. అంతకు మూడేళ్ల ముందు, 1994లో, ఆయన పెద్దకూతురు, మా అక్క, అత్తగారింట్లో నూతిలో పడి చనిపోయింది. నీళ్లు తోడబోయి కాలు జారిందని రాసుకున్నారు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా పోతే శవపరీక్ష తప్పనిసరి అని 1983లో చట్టం మార్చారు. అక్క పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఒక్క పేజీ పంచనామా, ఐదుగురు పంచాయతీదార్ల సంతకాలు, సాయంత్రానికి దహనం. అక్కని ఎవరో చంపారని పెదనాన్న ఏనాడూ అనలేదు. "ఏం జరిగిందో చెప్పమనండి చాలు" అనేవాడు.

డయానా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1997 ఆగస్టు 31, అర్ధరాత్రి దాటి 12.23 గంటలు. పారిస్‌లో ఆల్మా వంతెన కింది సొరంగంలో మెర్సిడెస్ కారు పదమూడో స్తంభానికి గుద్దుకుంది. డోడీ ఫాయెద్, డ్రైవరు హెన్రీ పాల్ అక్కడే పోయారు. డయానా తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయింది. బాడీగార్డు ఒక్కడే బతికాడు. ఫ్రెంచి న్యాయమూర్తి రెండేళ్లు విచారించి 1999లో తేల్చింది ఏమంటే, డ్రైవరు తాగి ఉన్నాడు, వేగంగా నడిపాడు, వెంటపడ్డ ఫొటోగ్రాఫర్ల మీద కేసు లేదు అని.

అక్కడితో అయిపోవాలి. కాలేదు. డోడీ తండ్రి మొహమ్మద్ అల్ ఫాయెద్ ఇది హత్యేనన్నాడు, గూఢచారి సంస్థనీ రాజకుటుంబాన్నీ వేలెత్తి చూపాడు. ఆయన దగ్గర డబ్బుంది, పంతముంది. కానీ ఆయన మాటని నమ్మిన లక్షలమందికి ఈ రెండూ లేవు. వాళ్లందర్నీ పిచ్చివాళ్లని కొట్టిపారేయడం తేలిక. ఒక్క విషయం చూడండి. తనని కారు ప్రమాదంలో చంపుతారేమోనన్న డయానా భయాన్ని ఆవిడ లాయరు లార్డ్ మిష్కాన్ 1995లోనే రాసి పెట్టుకున్నాడు. ఆవిడ పోయిన మూడు వారాలకి ఆ కాగితాన్ని లండన్ పోలీసు కమిషనరుకి ఇచ్చాడు. అది కరోనర్ చేతికి వచ్చింది 2003 చివర్లో, అదీ డయానా ఉత్తరం ఒకటి పత్రికలో పడ్డాక! ఆ కాగితంతో కుట్ర రుజువు కాలేదు, నిజమే. కానీ ఆరేళ్లు సొరుగులో ఉంచినవాళ్లే అనుమానానికి నీళ్లు పోశారు.

ఇంగ్లండులో కరోనర్ పదవి 1194 నాటిది. మనిషి విదేశంలో అసహజంగా పోయినా, శవం ఈ దేశానికి వస్తే ఇన్‌క్వెస్ట్ జరపాలి. 2004 జనవరిలో అది మొదలైంది, పోలీసులు చేసిన దర్యాప్తు నివేదిక 2006 డిసెంబరులో వచ్చింది, 832 పేజీలు. డ్రైవరు రక్తం నమూనా మార్చేశారన్న ఆరోపణ ఉంటే, డీఎన్ఏ పరీక్ష చేసి అది అతనిదేనని చూపారు. తర్వాత జ్యూరీ అక్కర్లేదని మొదటి న్యాయమూర్తి అంటే, ఫాయెద్ హైకోర్టుకెళ్లి 2007 మార్చిలో గెలిచాడు. అలా ఆరుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు, మామూలు జనం, వచ్చి కూర్చున్నారు.

నేను అప్పటికి లండన్ వచ్చి ఏడాదైంది. మా ఆఫీసు కోర్టుకి పది నిమిషాల నడక. మధ్యాహ్నం శాండ్‌విచ్ చేతిలో పట్టుకుని అటు నడిచేవాణ్ణి. నుదుటి మీద, బుగ్గల మీద డయానా, డోడీ పేర్లు రాసుకుని ఒకాయన రోజూ వచ్చేవాడు. ఆర్నెల్లూ వచ్చాడు. ఆఫీసులో అందరూ ఆయన మీద జోకులేసేవాళ్లు. నాకు మాత్రం తాసీల్దారు ఆఫీసు వరండాలో, సంచిలో ఒకే ఒక కాగితంతో కూర్చున్న పెదనాన్న కనబడేవాడు. తనవాళ్ల చావుకి జవాబు దొరకని మనిషి, జవాబు దొరికే వీలున్న చావు దగ్గర నిలబడతాడని నాకు అక్కడే అనిపించింది. పెద్దవాళ్లకే జవాబివ్వకపోతే మనకేమిస్తారు అన్న భయం కూడా అందులో ఉంది.

ఈ ఆరాటం మనుషుల్ని కాల్చేస్తుంది కూడా. 2020 జూన్‌లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయినప్పుడు న్యాయం న్యాయం అని దేశమంతా హోరెత్తింది. మన ఇళ్లల్లో కూడా ఆ టీవీ చర్చలు పెట్టుకుని చూశాం, దాచడమెందుకు! రియా చక్రవర్తి డ్రగ్స్ కేసులో దాదాపు నెల్లాళ్లు జైల్లో ఉంది. 2025 మార్చిలో సీబీఐ కేసు మూసేసింది. అప్పుడు అరిచినవాళ్లెవరూ ఆవిడకి క్షమాపణ చెప్పినట్టు నేను చూడలేదు. నేనూ చెప్పలేదు.

2008 ఏప్రిల్ 7న జ్యూరీ తీర్పు వచ్చింది. తొమ్మిది మంది ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. మెర్సిడెస్ డ్రైవరూ, వెంబడించిన వాహనాల డ్రైవర్లూ ఘోరమైన నిర్లక్ష్యంతో నడిపి ప్రాణాలు తీశారు. తాగి ఉండటం, సీటుబెల్టు లేకపోవడం కూడా కారణాలే. కుట్రకి ఆధారమే లేదని కరోనర్ అంతకుముందే చెప్పేశాడు.

ఆ రాత్రే ఊరికి ఫోన్ చేశాను. పెదనాన్న అంతా విన్నాడు.

"తాగి నడిపాడని అప్పుడే అన్నారుగా?"

"అవును పెదనాన్నా. అదే తేలింది."

"ఎంతమందిని పిలిచి అడిగారు?"

"రెండొందల యాభై మందికి పైనే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"మన పిల్లకి ఐదుగురే సంతకాలు పెట్టారురా," అన్నాడు. "అందులో ముగ్గురు అల్లుడి తరఫు వాళ్లే."