లక్క గాజు, అరకు గింజ

లాడ్ బజార్ గాజులకు మూలం లక్క. కొమ్మల మీద పురుగులు కట్టే ఆ లక్కను అడవుల్లో సేకరించేది ఎక్కువగా ఆదివాసులే. 2024లో భౌగోళిక గుర్తింపు ‘హైదరాబాద్ లక్క గాజుల’కు వచ్చింది, అడవి పేరు అందులో లేదు.

కాఫీకి అలా జరగలేదు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతోనే గుర్తింపు దక్కింది. సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో కాయ నిదానంగా పండుతుంది. ఎర్రబడ్డవే ఏరాలి, రుచంతా అక్కడే. ఆ ఎత్తున నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎస్ప్రెసోకు 90–96 డిగ్రీలు చాలు, కాబట్టి కొండ మీదా చక్కగా దిగుతుంది.

1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గింజలు కొంటోంది. పేరుకొచ్చిన విలువలో ఏరిన చేతికి ఎంత చేరుతోందో తూకం దగ్గరే అడగాలి.