గిరాయిపల్లి విచారణ

అత్యయిక పరిస్థితి ప్రకటింపబడి సరిగా నెల దినములైనది. 1975 జూలై 25వ తేదీన మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, వనపర్తి సుధాకర్, కొలిశెట్టి ఆనందరావు అను నలుగురు యువకులు పోలీసు కాల్పులలో మరణించిరి. జనార్దన్ వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి. ఎదురుకాల్పులు జరిగినవని ప్రభుత్వము ప్రకటించినది. పత్రికలపై నిర్బంధమున్న దినములవి. ఆ మాటకు ఎదురుమాట అచ్చు కాలేదు.

అమీరుపేట, పంజాగుట్టలలో ఇంట కూర్చుండి వినువారికి ఆ అడవి దూరముగా తోచవచ్చును. కాని 1977 ఎన్నికల పిమ్మట దాని కథ రాజధానికి రాక తప్పలేదు. తార్కుండే సంఘము సాక్షులను విచారించి, ఆ నలుగురును ముందుగానే పట్టుబడిరనియు, చెట్లకు కట్టి కాల్చబడిరనియు తేల్చినది. రాష్ట్ర ప్రభుత్వము జస్టిస్ వశిష్ఠ భార్గవతో కమిషన్ నియమించినది. న్యాయవాది కె. జి. కన్నబిరాన్ పౌరుల పక్షమున వాదించిరి. బహిరంగ విచారణ కొంతకాలము సాగినది. పిమ్మట రహస్య విచారణ ప్రస్తావన రాగా పౌరపక్షము వైదొలగినది. ఆ విచారణ పూర్తి కాలేదు.

ఇచట మనము గమనింపవలసినది కాల్పులకు ముందు గడచిన కాలము. పట్టుబడిన మనిషిని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. ఠాణా పుస్తకమున పేరెక్కని వాడు పట్టుబడనట్లే లెక్క. అట్టివాని కొరకు తల్లిదండ్రులు ఎవరిని అడుగవలెను? న్యాయస్థానమునకు పోదమన్నను, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ ద్వారమును మూసినది. జస్టిస్ ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి.

కేరళలో కథ వేరుగా నడచినది. 1976 మార్చి 1న కాలికట్టు ఇంజనీరింగు విద్యార్థి రాజన్‌ను పోలీసులు కొనిపోయిరి. తండ్రి ఈచర వారియర్ ఉపాధ్యాయుడు. 1977లో హైకోర్టుకు ఎక్కెను. ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయవలసి వచ్చినది. కుమారుని దేహము మాత్రము తండ్రికి దొరకలేదు.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఫిర్యాదుపై 1996లో జాతీయ మానవహక్కుల కమిషన్, ఎదురుకాల్పుల మరణములను నమోదు చేసి స్వతంత్రముగా దర్యాప్తు చేయవలెనని సూచించినది. 2014లో సుప్రీంకోర్టు అట్టి నియమములనే నిర్దేశించినది. మనుషులను మాయము చేయుటను నిషేధించు 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశము 2007లో సంతకము చేసినది. దానిని ఇంకను ధ్రువీకరింపలేదు.