చెక్క చాటున తుప్పు

స్వీడన్‌లో 1942లో తొలిసారి నీళ్ళలోకి దిగిన ఫోక్‌బోట్ అనే చిన్న తెరచాప పడవ మొత్తం బరువు రెండు టన్నులకు అటూ ఇటూ. అందులో సగం దాని అడుగున వేలాడే ఇనప దిమ్మదే. దాన్నే కీల్ అంటారు. తెరచాపకు గాలి పక్కనుంచి కొట్టినా పడవ బోల్తా పడకుండా నిలబెట్టేది ఆ బరువే. దాన్ని పడవ వెన్నుదూలానికి బిగించి పట్టుకునేవి కాసిని బోల్టులు, అంతే.

ఇలాంటి పాత పడవ ఒకదాన్ని ఒడ్డుకెక్కించి, కీల్ కింద దిమ్మలు పెట్టి, లోపలి నుంచి ఒక నట్టు విప్పి, బోల్టును సుత్తితో కిందికి దిగ్గొట్టి చూడండి. పైకొస బాగుంటుంది. కింది తలా బాగుంటుంది. చెక్కా ఇనుమూ కలిసే అతుకు దగ్గర మాత్రం అది కందిరీగ నడుములా సన్నబడి ఉంటుంది. వేలెడు లావు కడ్డీ అక్కడ పెన్సిలంత మిగులుతుంది. పైన మెరిసే నట్టును చూసి ధైర్యంగా సముద్రం మీదికి వెళ్ళినవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు. రెండున్నర శతాబ్దాలుగా ఓడలు కట్టేవారిని వేధించిన చిక్కు ఇదే. లోహాన్ని సముద్రం తినేది మన కంటికి ఆనే చోట కాదు.

లోహమే లేకుండా పడవ కట్టిన తీరాలూ ఉన్నాయి. కోరమాండల్ ఒడ్డున ఉవ్వెత్తున లేచే అలల మీదుగా సరుకులనూ మనుషులనూ దించిన మసులా పడవల్లో ఇనప మేకన్నదే ఉండేది కాదు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల వచ్చి కొడితే పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు వంగేది, విరిగేది కాదు. తాడు పాతబడితే కొత్త తాడుతో మళ్ళీ కుట్టేవారు. తుప్పు బాధే లేని ఆ పనితనం చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది. అయితే వందల టన్నుల యుద్ధనౌకను తాడుతో కుట్టలేరు. దానికి ఇనుము కావాలి.

1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే 32 ఫిరంగుల ఓడ అడుగుకు పలుచని రాగి రేకు తొడిగింది. చెక్కను తొలిచే సముద్రపు పురుగు నుంచి కాపాడడానికి చేసిన ప్రయోగమది. ఓడ వెస్టిండీస్ వెళ్ళి వచ్చింది. 1763లో విప్పి చూస్తే పురుగు జాడే లేదు, రాగి చక్కగా ఉంది. కానీ రేకును తాకిన ఇనప మేకులు చాలావరకు పొడి అయిపోయాయి. కొన్ని మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకని చూస్తే, రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని కొన్నిచోట్ల ఎవరూ ఊడదీయలేదు. రాగికీ ఇనుముకీ మధ్య ఆ కాగితం అడ్డుపడింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ కాగితమే. ఉప్పునీటిలో రెండు లోహాలు తగిలితే అక్కడ విద్యుత్తు పుడుతుందని, అందులో బలహీనమైనది కరిగిపోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. వోల్టా తన బ్యాటరీ గురించి ప్రకటించింది 1800లో. కారణం తెలియకముందే చికిత్స ఓడ అడుగున అంటుకుని ఉంది.

దాన్ని పూర్తిగా పట్టించుకోలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముంచుకొచ్చాక, 1779 నుంచి నౌకాదళం మొత్తానికి హడావిడిగా రాగి తొడిగారు. కాగితం, తారు అడ్డుపెట్టారు కానీ నీరు సందు దొరికినచోట దూరింది. 1782లో అట్లాంటిక్ తుపానులో పెద్ద ఓడలు మునిగిపోయాక ఇనప బోల్టుల మీద అనుమానం గట్టిపడింది. మరుసటి ఏడే రాగి బోల్టులు వచ్చాయి. రాగి మెత్తన కదా, దెబ్బకు వంగిపోతుంది. గాడులున్న రోలర్ల మధ్య చల్లగా నొక్కి దాన్ని గట్టిపరిచే పద్ధతి కనిపెట్టారు. ఆంగ్లిసీ దీవి గని యజమాని థామస్ విలియమ్స్‌కు ఆ వ్యాపారం కలిసొచ్చింది. 1786 నాటికి నౌకాదళం ఓడల ఇనప బోల్టులు తీసి రాగివి వేయడం మొదలెట్టింది.

కారణాన్ని పట్టుకున్నవాడు హంఫ్రీ డేవీ. 1824లో ఆయన రాగి రేకుకు జింకు ముక్కో ఇనప ముక్కో తగిలిస్తే అదే కరిగిపోయి రాగిని కాపాడుతుందని చూపించాడు. ప్రయోగాలు జరిగిన ఓడల్లో సమరంగ్ ఒకటి. అది మన కొచ్చిన్‌లో టేకుతో కట్టినది. రాగి కరగడం ఆగింది కానీ, కరిగే రాగి విషమే అన్నాళ్ళూ గుల్లలనూ నాచునూ దూరంగా ఉంచిందని అప్పుడు తెలిసింది. ఓడల అడుగులు గుల్లలతో నిండిపోయాయి, నౌకాదళం ఆ పద్ధతిని వదిలేసింది. ఈనాడు పడవల అడుగున కనిపించే జింకు దిమ్మలు మాత్రం ఆయన పెట్టిన భిక్షే.

చెక్క వంతు కూడా చెప్పాలి. ఓక్‌లో టానిన్ ఉంటుంది. ఇనుము తడి ఓక్‌ను తాకితే ఆ చోట చెక్క నల్లగా మారుతుంది, ఇనుమూ చెక్కా రెండూ చెడతాయి. శ్రీకాళహస్తి కలంకారీ నేతగుడ్డ మీద నల్లరంగు పుట్టేదీ ఇదే చర్యతో: కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీరు పడితే నలుపు తేలుతుంది. గుడ్డకు అందం, ఓడకు జబ్బు. టేకులో నూనె ఉండడం వల్ల ఇనుము దానిలో ఎక్కువకాలం నిలుస్తుంది.

కీల్ బోల్టు కష్టాలు యాట్‌లనే విహార పడవలతో మొదలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో లోపల పేర్చే బరువును బయటికి తెచ్చి అడుగున వేలాడదీశారు. పడవ నిలకడ పెరిగింది, బోల్టు మీద భారమూ పెరిగింది. లోహం ఎన్నుకోవడంలో తప్పులూ జరిగాయి. ఇత్తడి వేస్తే దానిలో జింకు కరిగిపోయి గులాబిరంగు గుల్ల మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఒంటిమీది పలుచని పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. తడి చెక్కలో బిగిసి ఊపిరాడక అది లోలోపలే గుంటలు పడుతుంది, పెద్దగా తుప్పు కనిపించకుండానే తెగుతుంది.

అందుకే బోల్టు తీసి చూడడమే అసలు పరీక్ష. సుత్తితో తట్టి వినే శబ్దం నమ్మదగినది కాదు. ఎక్స్‌రే చెక్కలోని నడుమును చూపుతుంది కానీ సీసంతో చేసిన కీల్‌లోకి దిగిన భాగాన్ని చూపలేదు. ఇనప కీల్‌కు జింకు పూత పూసిన ఇనప బోల్టు, సీసం కీల్‌కు కంచు బోల్టు వేస్తారు. రెంటినీ కలపరు. అన్నీ ఒకేసారి తీయరు, ఒకటి బిగించాకే మరొకటి. పాతది రాకపోతే దాన్ని వదిలి పక్కన కొత్త రంధ్రం తొలుస్తారు. రంధ్రం చుట్టూ చెక్క నల్లగా మెత్తబడితే ముందు దాన్నే బాగుచేయాలి. వాషర్ కింద సీలెంట్‌లో ముంచిన నూలు చుట్ట పెట్టి బిగిస్తారు, నీరు దిగకుండా.

కీల్ ఊడడం పాత చెక్కపడవల జబ్బు మాత్రమే కాదు. 2014 మేలో అట్లాంటిక్ మీద వస్తున్న చీకీ రఫీకీ అనే ఫైబర్‌గ్లాస్ పడవ కీల్ ఊడి బోల్తా పడింది, నలుగురు చనిపోయారు. కట్టి పదేళ్ళు కూడా కాలేదు. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు, వాటి మరమ్మతులు పట్టును బలహీనపరిచి ఉండవచ్చని బ్రిటన్ దర్యాప్తులో తేల్చారు.

పాత పడవ కొనాలనుకునే వారు బేరం కుదరకముందే ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి బోల్టు తీయించి చూడాలి. తీసిన బోల్టు ఏదో, నడుము ఎంత మిగిలిందో, ఏ రోజు తీశారో పడవ పుస్తకంలో రాసిపెట్టాలి. వచ్చేసారి తీయవలసింది ఇంకోటి.